తోడుకు వచ్చిన పిల్ల

"అప్పుడే విప్పకే, కళ్ళారా చూడనీ," అంది మేమునా.

వుంపిని గుడిసె మధ్యలో కదలకుండా నిలబడింది. ఒంటి మీద పసుపు, గోధుమరంగు గళ్ళ బడి గౌను. భుజాలు జారుతున్నాయి. ఆరేళ్ళలో కూతురు ఎంత ఎదిగిందో తెలియక కటుమి కాస్త వదులుగానే కుట్టించింది.

"అత్తా, సోమవారం బడి తెరుస్తారు," అంది కటుమి. "పదమూడేళ్ళ పిల్లని ఒకటో తరగతిలో ఎలా కూర్చోబెడతానని మాస్టారు కసిరాడు. కాళ్ళావేళ్ళా పడ్డాను. ఈ ఏడు చేర్చకపోతే మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దన్నాడు."

"చేర్చాల్సిందే మరి!" అంది ముసలమ్మ, గౌను అంచు వేళ్ళతో తడుముతూ.

ఈ వాడలో ఉన్నవాళ్ళంతా ముసలి ఆడవాళ్ళే. అందరూ మంత్రగత్తెలే, అంటే వాళ్ళ వాళ్ళ ఊళ్ళు అలా తేల్చాయి. ఇంట్లో ఒక బిడ్డ జ్వరంతో పోతుంది. ఎవరికో కల వస్తుంది. కలలో ఫలానా ముసలిది కత్తి పట్టుకుని తరిమిందంటారు. కల చాలు, వేరే సాక్ష్యం అక్కర్లేదు. మేమునా సంగతీ అంతే. రాళ్ళు పడకముందే ఊరు దాటి వచ్చింది. వాడకి పెద్దమనిషి ఒక గుడిసె చూపించాడు. ఇంటివాళ్ళు ఆనవాయితీ ప్రకారం ఒక ఆడపిల్లని తోడు పంపారు. ముసలమ్మ కన్ను మూసేదాకా, లేదా తనంతట తాను పొమ్మనేదాకా ఆ పిల్ల కదలకూడదు. ఏరు రెండు మైళ్ళు. నీళ్ళు, కట్టెలు, సంత ముగిశాక నేలరాలిన గింజలు ఏరడం, అన్నీ పిల్ల పనే. ముసలిదానికి పడిన శిక్షలో సగం పసిదానికి! సిగ్గుమాలిన ఏర్పాటు, ఎవరూ కాదనరు.

"పిల్లని పంపెయ్యి అత్తా. నీ దగ్గర నేనుంటా. నీళ్ళు నేను మోస్తా," అంది కటుమి. "చిన్నపిల్ల. దానికేం తెలుసు?"

"నువ్వొస్తే చంకలో పిల్లాడికి పాలెవరిస్తారే? నా కొడుకు వండుకు తింటాడా? ఆరేళ్ళలో ఒక్కసారి కూడా తల్లి మొహం చూడని మహానుభావుడు, పొయ్యి మొహం చూస్తాడా?"

కటుమి వంగి కూతురి గౌను భుజాలు సర్దింది.

"అయినా నేనడ్డమా? పో తల్లీ, పోయి చదువుకో." మేమునా మనవరాలి చెంపలు నిమిరింది. "నా గురించి బెంగపెట్టుకోకు. కుండలో నీళ్ళు రేపటిదాకా వస్తాయి. ఎల్లుండి సంగతి ఆ దేవుడే చూసుకుంటాడు." అని గుండె పట్టుకుని దగ్గింది. చాలాసేపు దగ్గింది.

వుంపినికి ఈ భూమ్మీద కావలసింది ఒక్కటే, బడి. ఏటికి వెళ్ళే దారిలో ఒక బడి ఉంది. రోజూ నిండు కుండ నెత్తిన పెట్టుకుని, మెడ పట్టేసేదాకా ఆ గోడ పక్కన నిలబడి లోపలి పాఠం వినేది. ఇప్పుడు అమ్మ చేయి పట్టుకుని గడప దాటుతుంటే ఒళ్ళంతా తేలికైపోయింది.

"వుంపినీ," అని వెనక నుంచి నెమ్మదిగా పిలుపు.

"ఏం నానమ్మా?"

"ఏం లేదమ్మా. వెళ్ళేముందు నా మంచం కాస్త కుండ పక్కకి జరిపి వెళ్ళు. లేవలేనప్పుడు చెయ్యి చాపితే అందాలిగా."

పిల్ల వెనక్కి వచ్చింది. మంచం జరిపింది. జరిపి, అక్కడే నిలబడిపోయింది.

"రావే! లారీ వెళ్ళిపోతుంది!" అని కటుమి బయటి నుంచి కేకేసింది.

వుంపిని గౌను విప్పేసింది. పాత గుడ్డ చుట్టుకుని, గౌను నాలుగు మడతలు పెట్టి తల్లి చేతిలో పెట్టింది.

"చెల్లికి తొడుగమ్మా. దానికి పెద్దయ్యాక సరిపోతుంది."

"పిచ్చిమొహమా! నీ బతుకే నువ్వు తగలేసుకుంటున్నావే!" కటుమి చెంప మీద ఒక్కటిచ్చింది. వెంటనే అదే చెంప తన గుండెకు అదుముకుని బావురుమంది. వుంపిని మాత్రం ఏడవలేదు. రోడ్డు మీద లారీ రెండోసారి హారన్ కొట్టింది. కటుమి ఒక్కతే వెళ్ళి ఎక్కింది.

పిల్ల ఇంకో ఖాళీ కుండ తీసుకుని ఏటికి బయలుదేరింది. ఆ అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, పక్క గుడిసె లారిబా వచ్చి గుమ్మంలో కూలబడింది.

"బాగా ఆడావే నాటకం! నిన్న సంత నుంచి మూట నెత్తిన పెట్టుకుని నాకంటే ముందు నడిచొచ్చావు. అప్పుడేమైంది ఈ దగ్గు?"

మేమునా మంచం దిగింది. మంచాన్ని ఒంటి చేత్తో ఈడ్చి మళ్ళీ పాత చోటనే పెట్టింది. చేటలో నూనె తీసే షియా గింజలు పోసుకుని ఏరడం మొదలెట్టింది.

"నా మనవరాలిని నేను, వచ్చిన రెండేళ్ళకే పంపేశా. నా నీళ్ళు నేను మోసుకోవట్లేదా? నీకేమొచ్చిందే, పసిదాని ఉసురు పోసుకుంటావు?" అంది లారిబా.

"పంపను," అంది మేమునా. "నేను పోయేదాకా పంపను."

"ఇంత పిచ్చి ప్రేమ నేనెక్కడా చూళ్ళేదు!" లారిబా కోపంలోనే మెత్తబడింది. "నువ్వు వచ్చేటప్పుడు ఆరుగురు మనవరాళ్ళని వరసగా నిలబెట్టి, ఎవరు కావాలో ఏరుకోమన్నారన్నావు. పెద్దవాళ్ళు, ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళు ఉండగా, కుండ కూడా ఎత్తలేని ఏడేళ్ళదాన్ని ఏరుకున్నావా! దానిమీదే ఎందుకే నీకంత ఇది?"

మేమునా ఒక పుచ్చు గింజను తీసి బయటికి విసిరేసింది.

"నేను కత్తి పట్టుకుని కల్లోకి వచ్చానని చెప్పింది అదే."