చిట్టెలుకలకు విశ్రాంతి

“జర ఆపు తల్లీ ఆ చప్పుడు! ఎలుకల సంగతేమో గని ముందు నేను పోయేటట్టున్న” అన్నాడు రామచంద్రం సార్ చెవులు మూసుకుని.

నవనీత ఫోను ఆపింది. కరీంనగర్‌లోని ఆ కాలేజీలో ఆమె సార్ దగ్గర పరిశోధన చేస్తోంది. కడుపుతో ఉన్న చిట్టెలుకలను బెదరగొడితే తల్లికీ, పుట్టే పిల్లకూ రక్తంలో చక్కెర పెరుగుతుందా అన్నది విషయం. బెదరగొట్టడానికి ఏదైనా చప్పుడు తెమ్మన్నది సారే. తెచ్చింది.

“యాడ దొరికిందమ్మా గీ దయ్యపు చప్పుడు?”

“దొరికింది సార్. ఏం గాదు, అలవాటైతే ఇనవడది.”

“నువ్వు సుత కడుపుతోని ఉన్నదానివే. జాలి లేదా?”

జాలిపడే తీరిక ఆమెకు లేదు. ఏడో నెల. తన రక్తంలోనే చక్కెర దిగడం లేదు. దిగకపోతే బిడ్డకు ముప్పని డాక్టరమ్మ హెచ్చరించింది. అత్త శంకరవ్వ పంతం పట్టి అన్నం మాన్పించింది, చాయ్‌లో చక్కెర మాన్పించింది. మధ్యాహ్నం డబ్బాలో జొన్నరొట్టె, మెంతికూర. అయినా అంతే.

“నిజం చెప్పు, దొంగచాటుగ ఏం తింటున్నవ్?” అని డాక్టరమ్మ నిలదీసింది.

ఎలుకలదీ అదే తీరు. అన్నిటికీ ఒకటే మేత. నిశ్శబ్దంలో ఉన్నవి కులాసాగా ఉన్నాయి. చప్పుడు వింటున్న వాటికి మాత్రం ఎంత మంచి మేత వేసినా చక్కెర పైకే.

కబురు జంతు సంరక్షణ కమిటీకి చేరింది. ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. ముగ్గురికీ కుర్చీలు వేశారు. నవనీత నిలబడే జవాబులు చెప్పింది. చప్పుడు వినగానే ఒకాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

“కడుపుతో ఉన్న ప్రాణులండీ! ఎవరమ్మా, ఈ చప్పుడు పెట్టింది?”

“నేనే సార్.”

“మనిషివేనా?”

అప్పటికప్పుడే ఉత్తర్వు వచ్చింది. చప్పుడు బంద్. ఎలుకలకు దూది పరుపులు, మసక వెలుతురు. సార్ స్వయంగా తలుపుకు కాగితం అంటించాడు: ‘లోపల తల్లులున్నారు. నిశ్శబ్దం.’

ఎలుకలు హాయిగా నిద్రపోయాయి. వారం తిరిగేసరికి వాటి చక్కెర దిగింది.

“చూసినవా? మందు లేదు, మాకు లేదు. జర నెమ్మది దొరికితే సాలు” అన్నాడు సార్ మురిసిపోతూ.

నవనీత తలూపి, చెప్పులు చప్పుడు కాకుండా చేత పట్టుకుని గది దాటింది.

సిరిసిల్లలో బస్సు దిగి, ఇల్లు చేరి, ఆమె మంచం మీద వాలగానే, తలాపు గోడకు అవతల, ఏ మరమగ్గాల చప్పుడును తన ఫోనులోకి ఎక్కించుకుందో, మామ నడిపే ఆ మరమగ్గాలే రాత్రి షిఫ్టు మొదలుపెట్టాయి.