మారు వడ్డన

“ఇంకొంచెం వెయ్యనా నాన్నా?” అంది అమ్మ, గరిటె పైకెత్తి.

“వెయ్యమ్మా. గుమ్మడికాయ కూర ఇంత కమ్మగా ఉంటుందని ఇన్నాళ్లూ తెలీలేదు,” అంటూ వచ్చినవాడు కంచం ముందుకు జరిపాడు.

గుమ్మంలో సంచీ దించుతున్న అక్క చెయ్యి ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

తమ్ముడు తిరిగొచ్చి వారమైందని అమ్మ ఫోను చేసినప్పటి నుంచీ ఆమెకు కాళ్లు నేల మీద ఆనలేదు. పొరుగూళ్లో తాను పనిచేసే కళ్లద్దాల షాపులో సెలవు అడిగి, ఉన్నపళంగా బస్సెక్కింది. దారంతా కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఇప్పుడు ఎదురుగా ఉన్నవాణ్ణి చూస్తే ఆ కనుబొమలూ, ఆ చెవులూ తమ్ముడివేనేమో అనిపిస్తున్నాయి. నూనూగు మీసాల వయసులో పోయినవాడు గుబురు గడ్డంతో తిరిగొస్తే ఎవరు మాత్రం ఖాయంగా చెప్పగలరు?

కానీ గుమ్మడికాయ!

ఆ వాసన తగిలితే చాలు, చిన్నోడు ఇల్లు పీకి పందిరేసేవాడు. గుమ్మడికాయే కాదు, వంకాయైతే ముక్క నల్లబడిందని, పప్పైతే పలచబడిందని, దేనికైనా ఏదో ఒక వంక. నచ్చని కంచం గోడకు తగలాల్సిందే. ఒకసారి పొయ్యి మీద కాగుతున్న గిన్నె ఎత్తి అమ్మ మీదికే విసిరాడు. ఆవిడ ఎడమచేతి వేళ్లు రెండు అతుక్కుపోయాయి. కుట్టుమిషను మీద బతికే మనిషికి అంతకన్నా శిక్ష ఏముంటుంది?

“చిన్నతనం లేమ్మా. వయసొస్తే నోటి రుచులు వాటంతటవే మారతాయి,” అని అక్క ఫోనులోనే సర్దిచెప్పేది. తండ్రి లేని పిల్లాడని ఆమెకు వాడంటే పంచప్రాణాలు.

ఆ తర్వాత కొన్నాళ్లకు అమ్మ మళ్లీ గుమ్మడికాయ వండిందట. వాడు కంచం విసిరికొట్టి, అలిగి ఇల్లు వదిలి పోయాడట. అమ్మ చెప్పిందంతే. అప్పట్నుంచీ అక్క తిరగని ఊరు లేదు, ఎక్కని పోలీసు స్టేషను మెట్టు లేదు. సెలవు దొరికితే చాలు, ఫోటో పట్టుకుని బయల్దేరేది. రైలు ప్లాట్‌ఫారాల మీద పడుకున్నవాళ్ల మొహాల మీంచి దుప్పట్లు తొలగించి చూసి, తిట్లు తినేది. ఆ వెతుకులాటలో పెళ్లీడు ఎప్పుడు దాటిందో ఆమెకే తెలీదు. ప్రతి ప్రయాణానికీ అమ్మ రెండు అన్నం పొట్లాలు కట్టి చేతికిచ్చేది.

“ఒకటి నీకు. ఇంకోటి, కనబడితే, వాడికి.”

“ఏంటక్కా, అక్కడే నిలబడిపోయావ్?” వచ్చినవాడు లేవబోయాడు.

“కూర్చో, తిను.” అక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. “గుమ్మడికాయ ఎప్పట్నుంచి పడుతోందిరా నీకు?”

“ఊళ్లు పట్టి తిరిగినవాడు ఇది పడదు, అది పడదు అంటే కడుపు నిండుతుందా? ఆకలి రుచి ఎరగదంటారుగా.”

“నిజమేలే. మన పిల్లి గుర్తుందా? నీ మంచం కింద పిల్లల్ని పెట్టింది?”

“ఎందుకు గుర్తుండదు! తెల్లగా ఎంత ముద్దుగా ఉండేదో.”

ఆ ఇంట్లో ఏనాడూ పిల్లి లేదు. పిల్లి సోకితే చిన్నోడికి ఒళ్లంతా దద్దుర్లు.

“గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట,” అంది అక్క, నవ్వకుండా.

వచ్చినవాడు తల వంచుకుని ముద్ద కలుపుకోసాగాడు. అమ్మ మాత్రం భుజం మీది కొలతల టేపు సర్దుకుంది.

అతను తిని, కంచం కడగడానికి పెరట్లోకి వెళ్లగానే అక్క అమ్మను వంటింట్లోకి లాక్కెళ్లింది.

“అమ్మా, వీడు మనవాడు కాదు. మన కథ ఎక్కడో విని వచ్చిన దొంగ!”

“మెల్లగా మాట్లాడవే. వింటాడు.”

“విననీ! నీకు తెలీడం లేదా?”

“తెలుసు.”

“తెలిసే వడ్డిస్తున్నావా?”

“గుమ్మంలోకి వచ్చినప్పుడే తెలుసు,” అంది అమ్మ నింపాదిగా. “ఏం పెట్టినా వంక పెట్టకుండా తింటాడు. ఈ చేత్తో సూదిలో దారం ఎక్కించలేక అవస్థపడుతుంటే, అడక్కుండానే వచ్చి ఎక్కించి పోతాడు. కొడుకంటే అలా ఉండద్దూ?”

కొడుకు మీది బెంగతో ఆవిడకు మతి చెదిరిందనుకుంది అక్క. అతుక్కుపోయిన ఆ వేళ్లను రెండు చేతులతో పట్టుకుని, గొంతు తగ్గించింది.

“నీ బాధ నాకు తెలుసమ్మా. కానీ ఎవడో ఏంటో తెలీకుండా ఇంట్లో ఎలా పెట్టుకుంటాం? పోలీసులకు చెబుదాం. రక్తపరీక్ష చేస్తే నిజమేంటో వాళ్లే తేలుస్తారు.”

అమ్మ చేతులు విడిపించుకుంది. “వద్దు. మొన్ననే ఇన్‌స్పెక్టరొచ్చి వాణ్ణి చూసి, ఇక కేసు మూసేస్తానని చెప్పి వెళ్లాడు. మళ్లీ కెలక్కు.”

“రేపు మనవాడే తిరిగొచ్చి, నా చోట్లో వీడెవడని అడిగితే ఏం చెప్తావ్?”

“రాడు.”

“ఎందుకు రాడు? ఇన్నేళ్లలో వాడూ మారుంటాడు. నేను వెతుకుతూనే ఉంటా. ఎప్పటికైనా వస్తాడమ్మా!”

అమ్మ కూరగిన్నె మీద మూత పెట్టింది. వచ్చినవాడు పెరట్లో కంచం కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ కాసేపు అది విని, కూతురి వైపు తిరిగింది.

“వాణ్ణి పూడ్చిపెట్టింది నేనేగా.”