నిలువెత్తు బంగారం

బొగ్గుబాయి ఆఫీసులో కొత్తగా చేరిన జమున, కార్మికుల నాగాల మీద గ్రాఫ్ చేస్తోంది. నెలకో బార్. అన్నిటికంటే ఎత్తైనదాన్ని ఎర్రగా, మిగతావాటిని బూడిద రంగులో చూపించమని కోడ్ రాసి బటన్ నొక్కింది.

ఫిబ్రవరి భగ్గుమంది.

ఆ ఎరుపులో, అదే బాయిలో పనిచేసే జమున వాళ్ల బాపు నాగాలు కూడా ఉన్నాయి. వెనకే మేనేజర్ దయాసాగర్ నిలబడి ఉన్నాడు. నాగా అంటేనే మండిపడే మనిషి.

"గిది గిట్లనే పైకి పోతే అందరికీ మెమోలొస్తయి," అన్నాడాయన. "ఎరుపు తీసెయ్. బంగారం రంగు పెట్టు."

ఆమె కోడ్‌లో 'రెడ్' కొట్టేసి 'గోల్డ్' అని టైపు చేసింది. బార్ పసుపు పచ్చగా మెరిసింది.

"గీ బంగారం కాదమ్మా. మేడారం బంగారం."

జమునకు నవ్వొచ్చింది. ఫిబ్రవరిలోనే సమ్మక్క జాతర. అక్కడ బెల్లాన్నే బంగారమంటారు; మనిషి బరువుకు సరిగ్గా తూచి మొక్కు చెల్లిస్తారు. 'బ్రౌన్' అని మార్చింది. తెర మీద బెల్లం దిమ్మ నిలువునా లేచింది.

"పైవాళ్లకు సమజైతదా సార్?"

"ఎందుకు కాదు? వాళ్లు గూడ జాతరకు పోయినోళ్లే."

"మీరు చర్చికి పోతరు గద. మేడారం బంగారం సంగతి మీకెట్ల ఎరుక?"

దయాసాగర్ బార్ వైపే చూస్తూ అన్నాడు.

"కాంటాకు ఒకదిక్కు మీ బాపు కూసుంటే, ఇంకోదిక్కు బెల్లం ఎత్తింది ఎవరనుకున్నవ్? నా నాగా గూడ అండ్లనే ఉన్నది. జల్ది ప్రింట్ తియ్యి."