సీత తొలిచూపు

మర చేయని వస్తువు ఉందంటే ఎవరూ నమ్మని రోజులవి. చేతిపనేనని ముద్ర పడాలంటే బొమ్మ మొదటి నుంచి చివరిదాకా గాజుకన్ను అనే మాట్లాడే కెమెరా ఎదుటే తయారవ్వాలి. ముద్ర లేని తోలుబొమ్మను ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు లేరు.

రామాంజినమ్మ సీత బొమ్మకు రంగులద్దడం ముగించి, ఉలి అందుకుంది. ఇక కన్నొక్కటే మిగిలింది. కర్రకు బిగించిన గాజుకన్ను ముందుకు వంగింది.

"కన్ను తెరిసేటప్పుడు పరాయోళ్లు సూడగూడదమ్మీ," అంది గడప దగ్గర కూర్చున్న అత్త తిప్పక్క. "బొమ్మ తొలిసూపు సేసినోళ్ల మొగం మీదనే పడాల."

"తెల్సు అత్తా. ఈ బొమ్మక్కూడా ముద్ర పడకుంటే ఆన్‌లైన్‌లో మన అంగడి మూసేస్తారంట."

రామాంజినమ్మ ఉలిని చీరకు తుడిచి, సుత్తి తీసుకుని, బొమ్మ మీదికి పూర్తిగా వంగింది. గాజుకన్నుకు ఆమె తల వెనకభాగం తప్ప ఏమీ కనబడలేదు. సుత్తి దెబ్బ ఒక్కటి వినిపించింది.

"కన్ను తొలవడం కనిపించలేదు," అంది గాజుకన్ను మర్యాదగా. "దయచేసి మళ్లీ చేయండి."

"తెరిసిన కన్ను మళ్లా ఎట్ల తెరిసేది?" రామాంజినమ్మ బొమ్మను ఎత్తి గాజుకన్ను ఎదుట పట్టింది. "నన్ను సూసేసింది. ఇంక నిన్ను సూస్తాది."

గాజుకన్నులో ఎర్రదీపం వెలిగింది. ముద్ర పడలేదు; ఆన్‌లైన్‌లో అంగడి మూతపడింది. ఆ వెలుగు తోలు గుండా దూరి వెనక సున్నపుగోడ మీద పడింది. గోడంత సీత నిలబడింది, కన్ను తెరిచి.

తిప్పక్క గోడకేసి చూసింది.

"దీపం వాళ్లే పెట్టినారు గదమ్మీ," అంది. "ఇంక ఆడించు."