మూత కింది గొంతు

పడవల మీద కరెంటు ఉండదని పెద్దిరాజు బందరులో ఏరికోరి బ్యాటరీతో స్క్రూలు బిగించే మిషను కొన్నాడు.

"ఇది తిప్పుతానే సుత్తిలా కొడుద్దండీ. టేకులోకైనా దిగుద్ది" అన్నాడు కొట్టాయన.

ఆ రోజు పొద్దుగూకాక, పడవలో తనే ఖాళీ చేసి కడిగిన చేపల గదికి పెద్దిరాజు మూత బిగిస్తున్నాడు. మిషను ఆపినా దడదడ ఆగలేదు. లోపలి నుంచి ఎవరో మూతను గుద్దుతున్నారు. భయంతో మోకాలేసి అదిమి, ఆఖరి స్క్రూ దించేశాడు.

"అమ్మో, నా చెయ్యి! వీరదుర్గా, చంపేస్తన్నాడే!"

లోపలి నుంచి వచ్చిన ఆ అరుపు అచ్చం అతని గొంతే.

క్యారేజీ తెస్తున్న భార్య వీరదుర్గ అది విని, గట్టు మీది తెడ్డు లాక్కుని పడవలోకి దూకింది.

"మా ఆయన్ని లోపలేసి బిగించేస్తావా, సచ్చినోడా!"

చీకట్లో తెడ్డు పెద్దిరాజు దవడ పగలగొట్టింది. నేనేనని అరవబోతే నోట్లోంచి నెత్తురు తప్ప మాట రాలేదు.

మూత కింద ఆ గొంతు మెల్లగా అంది.

"ఇంకోటెయ్యవే."