ఒంటెకు మూడు గంటలు

"ట్రావెల్ ఏజెంటు ఎందుకు దండగ? సగం ఖర్చుతో గల్ఫూ, ఇండియా రెండూ చుట్టేసొద్దాం!" అంటూ పెన్సిలుతో గడులు గీసిన నా ప్లాను కాగితం మా ఆవిడ ముందు పరిచాను. మేముంటున్న ఈ పరాయి దేశంలో, బస్సు డిపోలో టైమ్‌టేబుళ్లు వేస్తుంటాను. నిమిషం వృథా పోనివ్వను.

ఆవిడ వేలు గల్ఫ్ దగ్గర ఆగింది. "ఒంటె ఎక్కడానికి మూడు గంటలా?"

"చవగ్గా దొరికింది మరి!"

వేలు ఇండియాకు జరిగింది. "మా అక్కకి నలభై నిమిషాలేనా?"

"భోజనంతో కలిపే!" అన్నాను గొప్పగా.

"అక్కని చూసి తొమ్మిదేళ్లయిందండీ. మాకు ఏడవడానికే గంట పడుతుంది."

డిపోలో బస్సుకైనా గంట విశ్రాంతి ఇస్తాను నేను.

రబ్బరు తీసుకుని ముందు ఒంటెను చెరిపాను, తర్వాత ఆ నలభైని. వదిన పేరు పక్కన గడి ఖాళీగా వదిలేశాను.

నా సర్వీసులో అదే మొదటి ఖాళీ గడి.