జుట్టుపెట్ట చూపు

“ఆ కత్తెర ముందు కింద పెట్టు!”

భర్త కసిరేసరికి ఆమె ఒళ్ళో ఉన్న కోడి కూడా ఉలిక్కిపడింది. తల మీద బంతంత ఈకల గుత్తి ఉన్న జుట్టుపెట్ట అది. ఆ ఈకలన్నీ కళ్ళ మీదికి పడి, మేత పళ్ళెం ఎదురుగానే ఉన్నా పాపం గోడను పొడుస్తుంటుంది.

“దీనికేమీ కనబడట్లేదండీ. చివర్లు కాస్త కత్తిరిస్తే...”

“అందమంతా ఆ జుట్టులోనే ఉంది. అయినా చూపొస్తే గోడ దూకి పోతుంది. ఇప్పుడు చూడు, ఎంత బుద్ధిగా పడి ఉంటోందో!”

ఆమెకు ఒళ్ళు మండింది. “మరి నా కళ్ళద్దాల సంగతేంటి?”

“రిపేరుకిచ్చానన్నానుగా. షాపువాడు రేపు రేపంటున్నాడు. నేనేం చెయ్యను?”

నిద్రలో తన నడుం కింద పడి అవి నలిగిపోయాయని ఆయన చెప్పి రెండు నెలలైంది. జానెడు దూరం దాటితే ఆమెకు అన్నీ మసకే. ముక్కుకు ఆనించుకుని సూదిలో దారం ఎక్కించగలదు గానీ, రోడ్డు దాటలేదు, బస్సు నంబరు చదవలేదు. టైలరింగ్ షాపు యజమానురాలేమో నిన్ననే ఫోనులో తేల్చేసింది. సోమవారం పనికి రాకపోతే ఈమె చోట్లో వేరేవాళ్ళు కూర్చుంటారు.

“సోమవారం అంటే ఎల్లుండే. పోనీ రిపేరు చీటీ ఇవ్వండి, అత్తయ్యను తోడు తీసుకుని నేనే వెళ్ళి తెచ్చుకుంటాను.”

“చీటీ ఎక్కడో పడిపోయింది. నీకు చూపు ఆనదు, అమ్మకు చెవులు వినబడవు. ఇద్దరూ కలిసి రోడ్డెక్కితే ఇల్లు చేరినట్టే!” తన మాటకు తనే నవ్వుకుని చెప్పులేసుకున్నాడు. “కోడిగూట్లో మాత్రం చెయ్యి పెట్టకు. కనబడక గుడ్లు పగలగొడతావు. అది నేనే శుభ్రం చేసుకుంటాను.”

గేటు చప్పుడైంది.

“ఏమంటాడే వాడు?” వసారాలోంచి అత్తగారు అరిచింది. ఆవిడ చెవి మిషను రిపేరుకెళ్ళి ఏడాదైంది. అది చెవిలో ఉన్నన్నాళ్ళూ కొడుకు తప్పు చేస్తే కడిగి పారేసేది. ఇప్పుడు వాడేమన్నా బుద్ధిగా తలూపుతోంది.

“నన్ను ఇంట్లో పడుండమంటున్నారత్తయ్యా!”

“ఆఁ, మంచిదే, మంచిదే!”

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఈ నాలుగ్గోడల మధ్య ఇలా తడుముకుంటూనే బతుకు తెల్లారిపోతుందా? ఒళ్ళో పెట్ట వెలుతురు ఎటుందో వెతుక్కుంటూ తల అటూ ఇటూ తిప్పుతోంది.

“నీకైనా చూపు రానీవే,” అంటూ దారాలు తెంపే చిన్న కత్తెర మళ్ళీ అందుకుంది. పెట్టను ముక్కు దగ్గరికి తెచ్చుకుని, దాని కంటికి వేలు అడ్డం పెట్టి, లేత ఈకల మొదళ్ళ జోలికి పోకుండా చివర్లు మాత్రం కత్తిరించింది. రెండు గుండ్రటి కళ్ళు బయటపడ్డాయి. పెట్ట ఆమెను చూసింది. గోడను చూసింది. గూటిని చూసింది. ఒళ్ళోంచి దూకి తిన్నగా గూట్లోకి పరుగు తీసింది.

“గోడ దూకుతుందట, గోడ!” అనుకుందామె.

అంతలో గూట్లోంచి టక్ టక్‌మని చప్పుడు. గుడ్డునే పొడుస్తోందేమో! ఈ నింద కూడా తన నెత్తికే చుట్టుకుంటుంది! గబగబా గూట్లోకి తల దూర్చి, పెట్టను పక్కకు నెట్టి, గడ్డిలో తడిమింది.

చేతికి తగిలింది గుడ్డు కాదు, కళ్ళద్దాలు. అవి తనవే. నలగలేదు, విరగలేదు.

కొంగుతో తుడిచి పెట్టుకుంది. రెండు నెలల తర్వాత మొదటిసారి గూడు ఆ చివరిదాకా స్పష్టంగా కనబడింది. అక్కడ మూల గడ్డిలో, పెట్ట కాలి పక్కన, అత్తగారి చెవి మిషను ఉంది.